కడుపునొప్పితో వచ్చినప్పుడు మాకు నిజం చెప్పండి

"సిస్టరమ్మా, గ్యాస్ పట్టేసింది, ఒక ఇంజెక్షన్ వేసి పంపించండి." క్యాజువాలిటీలో ఈ మాట వినని రోజు ఉండదు. చాలాసార్లు అది అజీర్ణమే కావచ్చు. అపెండిసైటిస్, పిత్తాశయంలో రాళ్లు, కిడ్నీలో రాళ్లు మాకు అలవాటైన కారణాలు. కానీ అప్పుడప్పుడు కడుపునొప్పి వెనుక ఎవరూ అనుకోని ప్రమాదం దాగి ఉంటుంది. దాన్ని ముందుగా పట్టిచ్చేది రోగి నోటి నుండి వచ్చే నిజమే.

నేను స్టాఫ్ నర్సుగా కొత్తగా చేరిన రోజుల్లో, వేరొక ఆసుపత్రిలో జరిగిన సంగతి చెబుతాను. ఒక రాత్రి 20 ఏళ్లు దాటిన అమ్మాయిని పొత్తికడుపు నొప్పితో తీసుకువచ్చారు. పెళ్లి నిశ్చయమైంది. మంచం పక్కన తల్లి, మేనమామ నిలబడి ఉన్నారు. "బహిష్టు ఎప్పుడు అయ్యావమ్మా?" అని అడిగాను. అమ్మాయి నోరు తెరిచేలోగా తల్లి "సరిగ్గానే అవుతుందండీ" అన్నది. నేను అదే రాసుకున్నాను. తెల్లవారుజామున ఆ అమ్మాయి పాలిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పింది. గర్భసంచిలో ఉండవలసిన పిండం ట్యూబులో పెరిగి, ట్యూబు పగిలి, కడుపంతా రక్తం నిండింది. వెంటనే ఆపరేషన్ చేసి, రక్తం ఎక్కించి డాక్టర్లు బతికించారు. కానీ ఆ నాలుగు గంటలు నా పొరపాటు వల్ల పోయాయి. నేను అడగవలసిన ప్రశ్నే అడిగాను, అడగకూడని చోట అడిగాను.

ట్యూబులో గర్భం పెళ్లయిన స్త్రీలకూ వస్తుంది. "ఆపరేషన్ అయిపోయింది కదా, గర్భం ఎలా వస్తుంది?" అంటారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయ్యాక గర్భం రావడం అరుదే. అయినా వస్తే అది ట్యూబులో ఉండే అవకాశం ఎక్కువ. కాబట్టి నెల తప్పినా, కొద్దికొద్దిగా రక్తం కనబడుతున్నా దాచకండి. చిన్న మూత్ర పరీక్షతో, స్కానింగుతో తెలుసుకోవచ్చు.

మగపిల్లల సంగతి చూడండి. 12 నుండి 18 ఏళ్ల అబ్బాయి కడుపు కింది భాగంలో నొప్పి అంటాడు. అసలు నొప్పి వృషణంలో ఉంటుంది, సిగ్గుపడి చెప్పడు. వృషణం మెలిపడితే రక్తప్రసరణ ఆగిపోతుంది. సుమారు 6 గంటల లోపు ఆపరేషన్ చేస్తే చాలావరకు దాన్ని కాపాడవచ్చు. ఆలస్యమైతే తీసివేయవలసి వస్తుంది.

మన పల్లెల్లో కట్లపాము సంగతి మరచిపోకూడదు. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు దగ్గర నొప్పి గానీ వాపు గానీ పెద్దగా ఉండదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, వాంతులు. తరువాత రెప్పలు వాలిపోతాయి, మింగలేరు, ఊపిరి ఆడదు. "రాత్రి ఎక్కడ పడుకున్నారు?" అని మేము అడిగితే అది అనవసరపు ప్రశ్న అనుకోకండి. పాము విషానికి విరుగుడు మందు, అవసరమైతే వెంటిలేటరు అందితే ప్రాణం నిలుస్తుంది.

పైకడుపులో మంట, చెమటలు, వాంతి గుండెపోటు కూడా కావచ్చు, ముఖ్యంగా షుగర్ ఉన్నవారిలో. అందుకే కడుపునొప్పికి ఈసీజీ ఎందుకు అని వాదించవద్దు. బాగా దాహం, మాటిమాటికీ మూత్రం, ఆయాసంతో పాటు కడుపునొప్పి ఉన్న బిడ్డకు షుగర్ వ్యాధి బయటపడుతుండవచ్చు. వేలి చివర ఒక్క రక్తపు చుక్కతో అది తెలుస్తుంది. ఆ బిడ్డకు కావలసింది సెలైన్, ఇన్సులిన్.

"ఇన్ని యంత్రాలున్నాయి, స్కానింగులో తెలియదా?" అని కొందరు అడుగుతారు. కడుపు స్కానింగులో పాము కాటు కనబడదు, గుండెపోటు కనబడదు. ఏ పరీక్ష ముందు చేయాలో చెప్పేది మీ మాటే.

అందుకే నా అభిప్రాయం ఇది. కడుపునొప్పితో వచ్చిన ప్రతి యువతితో, ప్రతి అబ్బాయితో నర్సు కొద్ది నిమిషాలు తెర వెనుక ఒంటరిగా మాట్లాడాలి. తల్లిదండ్రులారా, "కాసేపు బయట కూర్చోండి" అంటే మీ పెంపకాన్ని అనుమానించామని కోపగించుకోవద్దు. మీ బిడ్డ ప్రాణం కోసమే అడుగుతున్నాము. సంఘంలో తెలుస్తుందేమో అన్న భయం నాకు తెలుసు. మంచం దగ్గర విన్న మాట గుడి మెట్ల దగ్గరకు రాకూడదని మా నర్సులకు నేను ఎప్పుడూ చెబుతాను. 18 ఏళ్లు నిండని పిల్లల విషయంలో మాత్రం చట్టప్రకారం తెలియజేయవలసినవి కొన్ని ఉంటాయి. అది ఆ బిడ్డ రక్షణ కోసమే. మా వైపు నుండి కూడా ఒక బాధ్యత ఉంది. నిజం చెప్పినవారిని మందలించే నర్సుకు రెండవసారి ఎవరూ నిజం చెప్పరు.

ఇంటి దగ్గర కొన్ని జాగ్రత్తలు పాటించండి. తీవ్రమైన కడుపునొప్పికి ఆముదం తాగించవద్దు, ఎనిమా ఇవ్వవద్దు, వాతలు పెట్టవద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు గనుక డాక్టరు చూసేవరకు ఏమీ తినిపించవద్దు. వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకురండి. నాటుమందు వాడితే అది కూడా చెప్పండి. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గినంత మాత్రాన జబ్బు పోయిందనుకోకండి. కళ్లు తిరిగి పడిపోయినా, కడుపు చెక్కలా గట్టిపడినా, ఊపిరి ఆడకపోయినా తెల్లవారే వరకు ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆ అమ్మాయి ఆసుపత్రి నుండి వెళ్లే రోజు నాతో ఒక మాట అన్నది: "మీరు నన్ను ఒక్కదాన్నే అడిగి ఉంటే చెప్పేదాన్ని సిస్టర్." ఆ రోజు నుండి నేను తెర లాగకుండా ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు.

మీ నర్సింగ్ సూపరింటెండెంట్