గంప మీద రాయి

కిందటేడు కార్తీకంలో ఒక తెల్లవారుజామున పెరటి తలుపు తీసేసరికి గంప తిరగబడి ఉంది. సపోటా చెట్టు దాకా ఈకలు. మూడు పెట్టలు పోయాయి. అందులో ఒకటి పదకొండు పిల్లల తల్లి. పిల్లలు మాత్రం గాబు పక్కన పాత కుండ వెనక నక్కి కియ్యోమంటున్నాయి.

నేను ఇంకా ఆ పిల్లల్ని కొంగులోకి ఏరుకుంటున్నాను, అత్తగారు వచ్చి అడిగారు: "ఏమ్మా, రాత్రి గంప మీద రాయి పెట్టలేదా?" తర్వాత మా ఆయన లేచి వచ్చి అదే అడిగారు. ఆఖరికి పాలు పోయడానికొచ్చిన అబ్బాయి కూడా, "రాయి పెట్టలేదాండీ?" అన్నాడు. రాయి వాళ్ళ కాళ్ళ ముందే పడి ఉంది. ఎవరూ దానివైపు చూడలేదు.

కాపురానికొచ్చిన ఈ ఇరవై రెండేళ్ళలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మీలో కోళ్ళు పెంచేవాళ్ళు అందరూ వినే ఉంటారు. కోడిని ఎత్తుకుపోయింది పిల్లి అయినా, నక్క అయినా, పోవడానికి కారణం మాత్రం ఇంటి ఆడదాని మరుపు. ఆ ఒక్క ప్రశ్నతో విచారణ ముగిసిపోతుంది. ఇక గూడు సంగతి ఎవరూ ఎత్తక్కర్లేదు.

అసలు ఆ రాయి ఏం చేస్తుందో ఎవరైనా ఆలోచించారా? నాలుగైదు కిలోలు తూగే జంగుపిల్లి గంప పైకెక్కి రాయిని దొర్లించదు. అంచు కింద పంజా పెట్టి మట్టి గీరుతుంది. కాస్త సందు దొరికితే చాలు. కోడికేమో చీకటి పడితే చూపు ఆనదు, కూర్చున్నచోటే బిగుసుకుని కూర్చుంటుంది. వదిలేస్తే అది పొద్దు గూకగానే జామచెట్టు కొమ్మో, పాక వాసమో ఎక్కి పడుకునే జాతి. ఎత్తున ఉండాలని దానికి పుట్టుకతో తెలుసు. మనం దాన్ని కిందికి దింపి, నేల మీద, నక్క మూతికి అందే ఎత్తులో, వెదురు బద్దల కింద పెట్టి "భద్రం" అనుకుంటున్నాం. (చెట్టు మీదా పూర్తి క్షేమం కాదులెండి, పునుగుపిల్లి చెట్టెక్కుతుంది, గుడ్లగూబా వస్తుంది.)

ఇంకో మాట. రాత్రి పోయిన కోడికి మా ఊళ్ళో అందరూ ముంగిసనే తిడతారు. ముంగిస పగలు తిరిగే జంతువు. పిల్లల్ని పట్టుకుపోతుంది, నిజమే, కానీ మధ్యాహ్నం పూట. రాత్రి దొంగ ఎవరో తెలియాలంటే పొద్దున్నే నేల చూడాలి. నాలుగు ఈకలు వదిలి కోడి మొత్తం మాయమైతే జంగుపిల్లో, నక్కో. గుడ్లు పెంకులతో సహా లేకపోతే పాము. పక్కన కన్నం ఉండి పిల్లలు తగ్గితే పందికొక్కు. ఐదారు చచ్చి అక్కడే పడి ఉంటే మాత్రం ఎక్కువగా ఊరకుక్కలే. ఈ విద్య నాకు నేర్పింది మా అత్తగారే. రాత్రి గూటి చుట్టూ బూడిద చల్లి పొద్దున్నే అడుగులు చూసేవారట ఆవిడ. అంత తెలిసిన మనిషి కూడా ఆ పూట నన్ను రాయి గురించే అడిగారు. ఆవిణ్ణి కూడా ఆవిడ అత్తగారు అలాగే అడిగి ఉంటారు.

ఇప్పుడు మా పెరటి గోడకి అవతల ఏముందో చెప్తాను. మా మరిది పందెం పుంజులు. మాది గోదావరి పక్క ఊరు, వేరే చెప్పాలా. చట్టం వద్దన్నా, ఏటా హైకోర్టు మాట పేపర్లో వచ్చినా, సంక్రాంతికి బరులు వెలుస్తూనే ఉంటాయి. ఆ పుంజులకి సిమెంటు గచ్చు, ఇనుప మెష్ తలుపు, తాళం, వేసవిలో ఫ్యాను. తిండి బాదంపప్పు, మటన్ ఖైమా. ఒక్కో పుంజుకి ఒక్కో గది! డేగ, కాకి, నెమలి అని రంగుని బట్టి పేర్లు, ఏ రంగు ఏ వేళ గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రం. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు. నాగమ్మ పుంజుకీ పేరుంది. బీఏ మూడేళ్ళూ తెలుగే చదివాను, పేరున్న పెట్ట ఒక్కటీ తగల్లేదు నాకు.

ఆ పుంజుల్లో ఒక్కటీ పిల్లి నోట పడలేదు. అంటే కోడిని ఎలా కాపాడాలో మా ఇంటి మగవాళ్ళకి బాగా తెలుసు. తెలిసీ పెట్టకి చెయ్యరు. పుంజు వాళ్ళ పరువు, పెట్ట నా గుడ్ల డబ్బు. గుడ్డు పదిహేను రూపాయల చొప్పున అమ్మి నేను గ్యాసు బండ తెచ్చినా, పిల్ల ఫీజులో కలిపినా, అది చిల్లర కిందే లెక్క. "రెండు కోళ్ళకి ఐదు వేల గూడా?" అన్నారు మా ఆయన. రెండేళ్ళలో తొమ్మిది పెట్టలు పోయాయి, ఒక్కోటి ఆరు వందలు వేసుకున్నా ఐదు వేల నాలుగు వందలు పిల్లులకి పెట్టామని కాగితం మీద రాసి చూపించాను. "రాయి సరిగ్గా పెడితే పోవుగా" అన్నారు!

మరిది మరో ఉపాయం చెప్పాడు. "వదినా, కోడి పేగుల్లో గుళికలు కలిపి పెట్టు, వారంలో పీడ వదులుతుంది." పొలంలో వేసే గుళికల మందు. అది తిన్న పిల్లి ఎక్కడో చేలో చస్తుంది, దాన్ని పీక్కుతిన్న కాకి, గద్ద, వీధిలో మన చేతి అన్నం తినే కుక్క అన్నీ చస్తాయి. జంగుపిల్లి, పునుగుపిల్లి, నక్క, ముంగిస 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవే, చంపితే నేరం. చట్టం పక్కన పెట్టినా, పొలంలో ఎలుకల్ని తిని పెట్టేది ఆ జంగుపిల్లే. తలుపు పెట్టడం మానేసి దొంగలందరికీ విషం పెడతామా?

చివరికి నా డ్వాక్రా పొదుపు డబ్బులతో నేనే కట్టించాను. మొదటిసారి తప్పు చేశాను, ఒప్పుకుంటాను. నేల మీదే కట్టించి, షాపువాడిచ్చిన పల్చటి కోళ్ళ జాలీ బిగించాను. పెద్ద కన్నాల జాలీ కోడిని లోపల ఉంచుతుందేగానీ, పంజాని బయట ఉంచదు. జాలీకి ఆనుకుని పడుకున్న పెట్టని మెడ పట్టి లాగేసింది. నాలుగు రోజులకి పందికొక్కు కింద నుంచి తవ్వింది. రెండోసారి రెండున్నర అడుగుల సిమెంటు దిమ్మెల మీద గూడు ఎత్తించి, అర అంగుళం వెల్డ్ మెష్ కొట్టించాను. అడుగున కూడా అదే. లోపల గోడకి దూరంగా అడ్డకర్ర. తలుపుకి గొళ్ళెం, గొళ్ళేనికి చిన్న తాళంకప్ప, ఎందుకంటే ఉత్త గొళ్ళేన్ని కుక్క మూతితో కదిలించడం నా కళ్ళారా చూశాను. నూకలు రాత్రి వదలను. నూకలుంటే ఎలుకలు, ఎలుకల వెనక పాము. దీపాలు పెట్టే వేళకి తలలు లెక్కపెట్టి తాళం వేస్తాను. ఖర్చు ఐదు వేల రెండు వందలు.

తల్లి లేని ఆ పదకొండు పిల్లల్నీ అట్టపెట్టెలో బల్బు కింద పెంచాం. ఏడు బతికాయి, నాలుగు పెట్టలు. అందులో ఒకటి మొన్న మాఘంలో పన్నెండు గుడ్లు పొదిగింది.

కిందటి వారం పక్కింట్లో రెండు కోళ్ళు పోయాయి. పొద్దున్నే గోడ అవతల నుంచి ఆ ఇంటాయన గొంతు, "రాయి పెట్టలేదా?" అని. ఆవిడ గొంతు వినబడలేదు. నేను గూటి తాళం తీస్తున్నదాన్ని ఆగి, కాస్త గట్టిగానే అడిగాను: "అన్నయ్యగారూ, గూడు ఎప్పుడు కట్టిస్తున్నారు?"

ఆయన లోపలికెళ్ళిపోయారు. కాసేపటికి వదినగారు గోడ దగ్గరికొచ్చి, "మెష్ ఎక్కడ కొన్నారండీ?" అని అడిగింది.