ఈ పౌండు ఆ పౌండు కాదట!

"ఇవి పౌండ్లు కాదు మేడమ్" అన్నాడు కౌంటర్ వెనక కుర్రాడు. మర్యాదగానే అన్నాడు. నోట్లని మళ్ళీ కవర్లో పెట్టి, నా వైపు జరిపి, నా వెనక నిలబడ్డ ఆయన్ని ముందుకి రమ్మని సైగ చేశాడు.

ఆ కవర్లో నాలుగు వందల అరవై పౌండ్లున్నాయి. నాన్నకి గుండెపోటు వచ్చిందని అక్క ఫోన్ చేసింది సాయంత్రం ఆరింటికి. తెల్లారితే ఫ్లైట్. టికెట్ కొనేసరికి నా అకౌంట్ ఖాళీ. గ్లాస్గోలో మా ఇంట్లో ఉండే నలుగురివీ అంతంతమాత్రం బతుకులే, పైగా నెలాఖరు. రెస్టారెంట్లో పనిచేసే వాడి దగ్గర టిప్పులున్నాయి. కరెంటు బిల్లు కోసం బిస్కెట్ల డబ్బాలో దాచిన నోట్లున్నాయి. పక్క వీధిలో ఉండే ఇద్దరు తమ దగ్గరున్నది పట్టుకొచ్చారు. అన్నీ కలిపి కవర్లో పెట్టి నా బ్యాగులో కుక్కారు. "దిగంగనే మార్చుకో, ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టెయ్" అన్నారు.

హైదరాబాద్‌లో దిగాక ఒక పూటంతా హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్, ఆబిడ్స్ తిరిగాను. మొదటి షాపులో ఇవి పౌండ్లే కాదన్నారు. రెండో చోట పౌండ్లేగానీ "ఇంగ్లండ్ పౌండ్లు కావు" అన్నారు. మూడో చోట, బోర్డు మీద వంద దాటి ఉన్న రేటుని నా ఎదురుగానే డెబ్భైకి దించి, "రిస్కు మాది కదా మేడమ్" అన్నారు. నాలుగో చోట ఒకాయన నోటుని దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పాడు. తర్వాత తలెత్తి నా మొహం చూశాడు. దొంగనోటు మార్చడానికొచ్చిన మనిషిని ఎలా చూస్తారో నాకు ఆ రోజు తెలిసింది.

చివరికి డబ్బు సర్దింది మా బావ. ఈ మనిషి దగ్గర మాత్రం చెయ్యి చాపకూడదని మూడేళ్ళుగా అనుకుంటున్న మనిషి. ఆయన ఇచ్చాడు, మంచిగానే ఇచ్చాడు. ఇచ్చాక, "ఏం మరదలా, ఫారిన్ పైసలు ఈడ చెల్లయా?" అని నవ్వాడు. చుట్టాలందరి ముందూ నవ్వాడు.

నాన్న బాగానే ఉన్నాడు ఇప్పుడు. ఇక్కడ నేను రాయాలనుకున్నది ఆ తర్వాత జరిగిన దాని గురించి. ఈ కథ ఎవరికి చెప్పినా ఒకటే మాట: "వచ్చేముందు ఇంగ్లండ్ నోట్లు తెచ్చుకోవాలి కదా, ఆ మాత్రం తెలీదా?" ఎడింబరోలో పదేళ్ళుగా ఉంటున్న మనవాళ్ళూ ఇదే అన్నారు. అచ్చమైన గ్లాస్గో మనిషి, మా ఇంటి ఓనరు కూడా ఇదే అన్నాడు, భుజాలెగరేసి. ఈ మాట మీదే నా గొడవంతా.

ముందు, ఆ నోట్లేమిటో చూద్దాం. స్కాట్లండ్‌లో ఇప్పటికీ మూడు వాణిజ్య బ్యాంకులు తమ పేరు మీద నోట్లు వేస్తాయి: బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్, క్లైడ్స్‌డేల్ బ్యాంక్. అక్కడ ఏటీఎంలో కార్డు పెడితే బయటికొచ్చేవి ఎక్కువగా ఇవే. జీతం నగదుగా ఇస్తే ఇవే, కూరగాయల షాపులో చిల్లరగా ఇచ్చేవీ ఇవే. వీటిని నేను కోరి తెచ్చుకోలేదు. ఆ ఊళ్ళో డబ్బంటే ఇదే.

ఇవేమీ నిన్నామొన్నటి సరదా కాగితాలు కావు. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ పుట్టింది 1695లో, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తర్వాత ఒక్క ఏడాదికి. స్కాట్లండ్, ఇంగ్లండ్ ఒకే రాజ్యమైంది 1707లో. అంటే ఆ రాజ్యం కన్నా ఈ బ్యాంకు పెద్దది. 1825లో ఇంగ్లండ్‌లో చిన్న బ్యాంకులు వరసగా కూలిపోయాయి. దాంతో అయిదు పౌండ్ల లోపు నోట్లని మొత్తం ఎత్తేద్దామని లండన్ బయల్దేరింది. అప్పుడు మలకై మలగ్రౌదర్ అనే దొంగపేరుతో ఎడింబరో పత్రికకి ఉత్తరాలు రాసి, జనాన్ని రెచ్చగొట్టి, స్కాట్లండ్ వరకూ ఆ పని ఆపించింది ఎవరనుకున్నారు? నవలలు రాసే వాల్టర్ స్కాట్. ఆ ఉత్తరాలు రాసింది 1826లో. అదే ఏడాది మొదట్లో ఆయన ప్రచురణకర్త దివాలా తీస్తే, ఆయన నెత్తిన లక్ష పౌండ్లకి పైగా అప్పు పడింది. తను నిలువునా మునిగిపోయి ఉండి, ఊరి నోట్ల కోసం కొట్లాడాడు. అందుకే బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ నోట్ల మీద ఇప్పటికీ ఆయన బొమ్మే ఉంటుంది. ఆబిడ్స్‌లో దీపం కింద పెట్టి అనుమానించింది ఆయన్నే.

ఇక పూచీ సంగతి. ఈ నోట్లకి విలువ ఉందా లేదా అని ఎవరికైనా అనుమానముంటే, 2009 బ్యాంకింగ్ చట్టం చూడొచ్చు. చలామణిలో ఉన్న ప్రతి స్కాటిష్ నోటుకీ సమానమైన ఆస్తిని ఆ బ్యాంకు విడిగా చూపించాలి. దీనికోసమే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన దగ్గర కొన్ని వింత నోట్లు ఉంచుతుంది. ఒక్కోటి పది లక్షల పౌండ్లదైతే దాని పేరు జెయింట్, పది కోట్ల పౌండ్లదైతే టైటాన్. బజార్లోకి ఎప్పుడూ రావు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ నోట్ల వెనక పూచీగా అక్కడే పడి ఉంటాయి. అంటే, నా కవర్లో ఉన్న ఇరవై పౌండ్ల నోటుకీ, రాజుగారి బొమ్మున్న ఇరవై పౌండ్ల నోటుకీ విలువలో పైసా తేడా లేదు. రెండూ స్టెర్లింగే. "స్కాటిష్ పౌండ్" అనే వేరే కరెన్సీ ప్రపంచంలో ఎక్కడా లేదు.

మరి ఎందుకు తీసుకోరు? ఇక్కడ చాలామంది చదువుకున్నవాళ్ళు చెప్పే సమాధానం, "అది లీగల్ టెండర్ కాదు కాబట్టి" అని. ఇది సగం తెలిసిన మాట. నిజమే, స్కాటిష్ నోటు ఎక్కడా లీగల్ టెండర్ కాదు, స్కాట్లండ్‌లో కూడా కాదు. కానీ బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటు మాత్రం? అది ఇంగ్లండ్, వేల్స్‌లోనే లీగల్ టెండర్. స్కాట్లండ్‌లో అదీ కాదు! అక్కడ ఏ కాగితం నోటుకీ ఆ హోదా లేదు, నాణేలకి తప్ప. అయినా రోజూ కోట్ల బేరాలు జరుగుతున్నాయి. ఎందుకంటే లీగల్ టెండర్ అనేది బాకీ తీర్చేటప్పుడు కోర్టులో పనికొచ్చే ఒక చిన్న లెక్క. షాపువాడు ఏది తీసుకోవాలో, మారకం కౌంటర్ ఏది మార్చాలో ఆ మాట చెప్పదు. స్కాటిష్ ఎంపీలు ఈ నోట్ల కోసం పార్లమెంటులో ప్రైవేటు బిల్లులు పెట్టారు. అవి చట్టం కాలేదు. అయినా కూడా బషీర్‌బాగ్‌లో నాకు ఒరిగేదేమీ ఉండేది కాదు. బ్రిటిష్ చట్టం హైదరాబాద్ కౌంటర్‌ని శాసించదు కదా.

కౌంటర్ కుర్రాడి వైపు నుంచీ ఆలోచించాను. ఆ కోపం తగ్గాక. అతని ముందున్న సొరుగులో డాలర్లు, దిర్హమ్‌లు, యూరోలు. మూడు బ్యాంకులు, ఒక్కో బ్యాంకుకి నాలుగైదు రకాల నోట్లు, పాత కాగితం, కొత్త ప్లాస్టిక్. ఏది అసలో ఏది నకిలీయో చూసుకోవడానికి అతని దగ్గర నమూనా లేదు. తీసుకున్నా, లండన్ వెళ్ళే ప్రయాణీకుడు దాన్ని కొనడు. తప్పు జరిగితే అతని జీతంలోంచి కోస్తారేమో. అందుకని వద్దన్నాడు. అతని మీద నాకిప్పుడు పెద్ద పగ లేదు. కానీ "ఇవి పౌండ్లు కాదు" అనడం వేరు, "మా దగ్గర వీటిని తీసుకునే ఏర్పాటు లేదు" అనడం వేరు. మొదటిది అబద్ధం. ఆ అబద్ధం వల్లే నన్ను అలా చూశారు. మూడో షాపు సంగతైతే ఇంకా ఘోరం. పౌండు కానిదానికి డెబ్భై రూపాయలు ఎందుకిస్తాడు? పౌండని తెలుసు. నా అవసరం కూడా తెలుసు.

అసలు దోషం నోటు వేసినవాళ్ళది. రాయల్ బ్యాంక్ నోటు మీద ఒక హామీ అచ్చువేసి ఉంటుంది, అడిగిన వెంటనే ఎడింబరోలోని తమ ప్రధాన కార్యాలయంలో సొమ్ము చెల్లిస్తామని. నేను ఆ నోటుని ఏళ్ళ తరబడి వాడాను గానీ ఆ ముక్క ఎప్పుడూ చదవలేదు. ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని చదివాను. హామీ ఉంది, కాకపోతే ఎడింబరోలో ఉంది! పద్దెనిమిదో శతాబ్దంలో ఊరు దాటని మనిషికి ఆ హామీ సరిపోయి ఉండొచ్చు. ఇప్పుడు ఆ నోటుని ఎవరు మోసుకెళ్తున్నారు? డండీలో చదివే వరంగల్ పిల్ల, ఎబర్డీన్‌లో పనిచేసే నైజీరియా నర్సు, ఎండకోసం స్పెయిన్ వెళ్ళే గ్లాస్గో ముసలమ్మ. అయినా నేను వాడిన ఏ ఏటీఎం తెర మీదా "ఈ నోట్లు విదేశాల్లో మారకపోవచ్చు" అన్న ఒక్క వాక్యం నాకు కనబడలేదు.

ఇది స్కాట్లండ్ ఆత్మగౌరవం అంటారు కొందరు. ఆ గౌరవం నాకూ ఇష్టమే. క్లైడ్స్‌డేల్ పది పౌండ్ల నోటు మీద రాబర్ట్ బర్న్స్ ఉంటాడు, తన ఊరి స్కాట్స్‌లో రాసిన కవి. కానీ ఒక్కసారి ఆ బ్యాంకులు ఎవరివో చూడండి. బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ ఇప్పుడు లాయిడ్స్ గ్రూపులో భాగం. క్లైడ్స్‌డేల్ దాదాపు ముప్పై ఏళ్ళు ఒక ఆస్ట్రేలియా బ్యాంకు చేతిలో ఉంది, తర్వాత వర్జిన్ మనీ అయింది, 2024 నుంచి ఇంగ్లండ్‌లోని నేషన్‌వైడ్‌ది. ప్రతి జేబులోనూ తమ పేరున్న ప్రకటన కాగితం పెట్టుకునే హక్కు ఆ యాజమాన్యాలది. అది చెల్లనిచోట నిలబడి తలదించుకునే బాధ్యత మాత్రం మోసుకెళ్ళినవాళ్ళది. ఇందులో గౌరవం ఎవరికి మిగిలింది?

మనకి ఇది కొత్త కథ కాదు. మా తాతమ్మ రూపాయిని ఎప్పుడూ ఒట్టి రూపాయి అనేది కాదు. హాలీ అనో, కల్దార్ అనో అనేది. హాలీ సిక్కా నిజాముది, కల్దార్ బ్రిటిష్ వాళ్ళది. ఆరు కల్దార్ రూపాయలకి ఏడు హాలీ రూపాయలు. నిజాం ప్రభుత్వం 1918 నుంచి తన సొంత నోట్లు వేసుకుంది. వాటి మీద ఉర్దూతోపాటు తెలుగూ ఉండేది. బెజవాడ పోతే మన రూపాయి చెల్లేది కాదని తాతమ్మ చెబుతుంటే, మేం నవ్వేవాళ్ళం. 1959లో ఆ డబ్బు చెల్లుబాటు పూర్తిగా ఆగిపోయింది. కానీ ఒక తేడా చూడండి. హాలీకి వేరే విలువ ఉందని అందరికీ తెలుసు, మారకం రేటు బహిరంగం, రైలెక్కే ముందే మార్చుకునేవాళ్ళు. నా చేతిలో ఉన్నదానికి వేరే విలువ లేదు. చట్టప్రకారం అదే పౌండు. అది వేరే అని నాకు చెప్పినవాళ్ళెవరూ లేరు, కౌంటర్ దాకా వెళ్ళేవరకూ.

ఇప్పుడెవరు నోట్లు మోస్తున్నారు, అంతా కార్డేగా అని అడుగుతారు, ముఖ్యంగా ఇది చదివే నా వయసువాళ్ళు. కార్డుల మీద డబ్బున్నవాళ్ళు మోయరు. నెలాఖరున అకౌంట్ ఖాళీ అయినవాళ్ళు, టిప్పుల మీద బతికేవాళ్ళు, రాత్రికి రాత్రి ఇంకొకరి కోసం చందా వేసేవాళ్ళు మోస్తారు.

అందుకని "తెచ్చుకునేముందు చూసుకోవాలి కదా" అనేవాళ్ళకి నా జవాబు: చూసుకోవాల్సింది నేను కాదు. నోటు వేసి లాభపడేవాళ్ళు, ఆ నోటు ఇచ్చేచోటే హెచ్చరిక పెట్టాలి. తమ నోట్లని విదేశీ మారకందార్ల దగ్గర్నుంచి వెనక్కి తీసుకునే ఏర్పాటు తమ ఖర్చుతో చెయ్యాలి. నమూనాలు పంపాలి. అది చేతకాకపోతే, ఆ నోట్ల మీద వాల్టర్ స్కాట్‌ని పెట్టుకునే అర్హత వాళ్ళకి లేదు. ఇక్కడి మారకం షాపులు, తీసుకోనివేవో బోర్డు మీద రాయాలి. తీసుకుంటే బోర్డు మీది రేటే ఇవ్వాలి.

నా కవర్ అయిదు వారాల తర్వాత తిరిగి గ్లాస్గో చేరింది, సెలవులు ముగించుకుని వెళ్తున్న స్నేహితురాలి బ్యాగులో. ఆమె బ్యాంకులో కడితే క్యాషియరు కన్నెత్తి కూడా చూడలేదట, లెక్కబెట్టి జమ చేసిందంతే. నాలుగు వందల అరవైకి నాలుగు వందల అరవై. ఆ డబ్బుతో బావ అప్పు తీర్చాను. ఆయన ఆ మాట మాత్రం ఇంకా అంటూనే ఉన్నాడు, ప్రతి పెళ్ళిలోనూ.

ఒక్క అయిదు పౌండ్ల నోటు మాత్రం నేను ఉంచుకున్నాను. దాని మీద నాన్ షెపర్డ్ ఉంది. కెయిర్న్‌గార్మ్ కొండల గురించి ఆవిడ రాసిన పుస్తకం ముప్పై ఏళ్ళు అచ్చుకాకుండా ఇంట్లోనే ఉండి, 1977లో వెలుగు చూసింది. ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఆ నోటు పట్టుకుని అదే వీధిలో అవే షాపులకి వెళ్తాను. అయిదు పౌండ్ల కోసం కాదు. "ఇవి పౌండ్లు కాదు" అంటే, ఆ ముక్క కాగితం మీద రాసి, సంతకం పెట్టి, షాపు ముద్ర వేసి ఇమ్మని అడుగుతాను. మీలో ఎవరికైనా ఆ కౌంటర్ దగ్గర నిలబడే అవసరం వస్తే, మీరూ అలాగే అడగండి.