టీసీపీ ఇంట్లో డీసీసీపీ కాపురం

కోడ్ రివ్యూల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, "ఈ రెండూ ఒకేలా ఉన్నాయి కదా, కామన్ ఫంక్షన్లో పడేయొచ్చుగా?" అని. పడేయొచ్చు. కానీ ఎప్పుడు పడేయాలి, ఎప్పుడు కూడదు అన్నదానికి లినక్స్ కెర్నెల్‌లో డీసీసీపీ పడ్డ పాట్లని మించిన పాఠం నాకైతే కనబడలేదు.

ముందు బాగా కుదిరిన సంగతి చెప్తాను. లినక్స్‌లో ఐపీవీ4కి ఒక టీసీపీ, ఐపీవీ6కి ఇంకో టీసీపీ లేవు. సీక్వెన్స్ నంబర్లు, రీట్రాన్స్‌మిషన్, కంజెషన్ కంట్రోల్ అన్నీ ఉమ్మడే. అడ్రసుతో పని పడే చోట, ప్యాకెట్‌ని కింది పొరకి అప్పజెప్పే చోట మాత్రం ఫంక్షన్ పాయింటర్ల పట్టిక ఒకటి పెట్టుకున్నారు. (ఆ ఉమ్మడి కోడంతా ఇప్పటికీ ఐపీవీ4 డైరెక్టరీలోనే ఉంటుంది. సంసారం ఇద్దరిదీ, ఇంటిపేరు ఒకరిదీ!) 2019 జూన్‌లో 'సాక్ పానిక్' బయటపడింది గుర్తుందా? 32 కిలోబైట్ల ముక్కలు 17 పట్టే బఫర్‌ని 8 బైట్ల సెగ్మెంట్లుగా కోస్తే 69,632 అవుతాయి. ఆ లెక్క రాసుకునే 16 బిట్ల గడిలో 65,535 దాటి పట్టదు. కెర్నెల్ అక్కడే కుప్పకూలేది. దెబ్బ రెండు ఐపీలకీ తగిలింది, నిజమే. కానీ దిద్దింది ఒక్కచోటే.

ఇక డీసీసీపీ. పోయిన ప్యాకెట్‌ని మళ్ళీ పంపదు, ఆ విషయంలో యూడీపీ. కనెక్షన్, కంజెషన్ కంట్రోల్ ఉంటాయి, ఆ విషయంలో టీసీపీ. 2005 అక్టోబరులో 2.6.14 కెర్నెల్‌తో వచ్చింది. దాని కోసం ఆర్నాల్డో కర్వాలో డి మెలో టీసీపీలోంచి లిజన్ క్యూ, టైమర్లు, టైమ్‌వెయిట్ లాంటివి విడదీసి ఉమ్మడి పొరగా కట్టాడు. శుభ్రమైన పని, చదివితే ముచ్చటేస్తుంది.

కానీ ప్యాకెట్ వచ్చినప్పుడు స్టేట్ మార్చే కోడ్ టీసీపీకి నకలులా ఉండిపోయింది. ఐపీవీ6 సాకెట్‌లో ఒక ఆప్షన్ పెడితే, ఇంకా వాడుకలో ఉన్న బఫర్‌ని కెర్నెల్ ముందే ఫ్రీ చేసేసేది. ఇదే తప్పు టీసీపీలోనూ ఉండేది, కొన్నేళ్ళ ముందే దిద్దేశారు. నకలు సంగతి ఎవరికీ తట్టలేదు. 2017 ఫిబ్రవరిలో ఆండ్రీ కొనొవలొవ్ పట్టుకునే దాకా, అంటే పదేళ్ళకి పైగా, మామూలు యూజర్ రూట్ అయిపోయే దారి అలా తెరిచే ఉంది.

చూడండి తమాషా. కలపాల్సింది కలపక నకలు తీశారు. కలిపినదేమో తర్వాత టీసీపీ మెడకి చుట్టుకుంది. టీసీపీ వాళ్ళకి స్ట్రక్చర్లలో ఫీల్డులు అటూ ఇటూ జరిపి, కలిసి వాడేవన్నీ ఒకే క్యాష్ లైన్‌లో పడేలా సర్దుకోవాలని ఉంటుంది. ఆ స్ట్రక్చర్లలో సగం డీసీసీపీవి కూడానాయె! అదేమో 2021కల్లా చూసుకునే దిక్కులేని కోడైంది. 2023లో తీసేస్తామని హెచ్చరిక పెట్టారు, 2025లో 6.16తో తీసేశారు.

నేనైతే రెండు కోడ్‌లు ఒకేలా ఉన్నాయా అని చూడను. ఇక్కడ బగ్ దిద్దితే అక్కడా దిద్దాల్సిందేనా, ఇక్కడ వేగం కోసం మారిస్తే అక్కడివాళ్ళకి సమ్మతమేనా అని అడుగుతాను. మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని వస్తే కలిపినా తిప్పలే, విడిగా ఉంచినా తిప్పలే. డీసీసీపీకి సరిగ్గా అదే వచ్చింది. అప్పుడు అసలు ఆ రెండోది కెర్నెల్‌లోకి రావాలా అన్నది ముందు తేల్చుకోవాలి. 2005లో ఆ ప్రశ్న గట్టిగా అడగాల్సింది అని నా అభిప్రాయం. ఆర్‌ఎఫ్‌సీ 4340 వచ్చిందే 2006 మార్చిలో మరి.

డీసీసీపీ పోయినా దానికోసం కట్టిన పొర మాత్రం పోలేదు. 2020లో 5.6తో వచ్చిన మల్టీపాత్ టీసీపీ ఆ స్ట్రక్చర్ మీదే నిలబడి ఉంది. అది లోపల నడిపేది మామూలు టీసీపీ కనెక్షన్లనే కాబట్టి, ఈసారి గొడవ తక్కువే ఉండొచ్చు.