గొంగళీ, సీత కోకా

తెలుగువాడికి గుడ్డల మీద ధ్యాస ఎక్కువో ఏమో గాని, ఒకే ప్రాణికి రెండు వయస్సుల్లో రెండు పేర్లు పెట్టవలసి వచ్చేసరికి ఆ రెండూ బట్టలకొట్లోంచే తెచ్చాడు. ఆకుల మీద పాకుతున్నంత కాలం అది గొంగళిపురుగు. రెక్కలు వచ్చి ఎగిరిననాటి నుంచి సీతాకోకచిలుక. గొంగళి అంటే గొర్రెల కాపరి భుజాన వేసుకునే ముతక కంబళి. కోక అంటే చీర. అదీ ఎవరిది? సాక్షాత్తూ సీతమ్మవారిది. ఎగురుతుంది గనుక చివర చిలుక కూడా చేరింది కాబోలు.

హిందీవారు తితలీ అని వూరుకున్నారు. కన్నడిగులు చిట్టె అన్నారు. సంస్కృతంలో చిత్రపతంగం అని వున్నది, అది వర్ణన తప్ప పేరులా వుండదు. నేనెరిగిన భాషల్లో ఒక పురుగును చూసి సీతమ్మ చీరచెంగును తలచుకున్నవాళ్ళం మనమే.

పేర్లు బాగానే వున్నాయి. చిక్కల్లా ఎక్కడంటే, ఆ రెండు పేర్లూ ఒకరివేనన్న సంగతి పెరట్లో అడుగుపెట్టగానే మనకు గుర్తుండదు. కోకను చూసి పిల్లల్ని పిలుస్తాం. గొంగళిని చూసి చీపురు పట్టుకువస్తాం.

కరివేపాకు చెట్టునే తీసుకోండి. మన యిళ్ళల్లో తరచు కనిపించే రెండు పెద్ద జాతులు దాని మీద గుడ్లు పెడతాయి. ఒకటి నలుపు మీద లేతపసుపు మచ్చల 'లైమ్'. రెండవది నల్లటి 'కామన్ మార్మన్'. నిమ్మ, నారింజ, మారేడు కూడా వీటికి పనికివస్తాయి. అన్నీ ఒకే కుటుంబానికి చెందిన చెట్లు. తల్లి ఆకు మీద వాలి ముందుకాళ్ళతో దాన్ని తడుతుంది. రుచి చూడడానికి దానికి నాలుక అక్కరలేదు, కాళ్ళు చాలు. తన పిల్లలు తినే ఆకు అదేనని రూఢి చేసుకుని, గసగసాల గింజంత గుడ్డు ఒకటి అంటించి మరో ఆకు మీదికి పోతుంది. మూడు నాలుగు రోజుల్లో బయటపడిన పురుగు మొదట తన గుడ్డు పెంకునే తింటుంది. ఆ తరువాత మన కరివేపాకు.

కొద్దిరోజులపాటు అది చూడడానికి అచ్చంగా పిట్టరెట్టలా వుంటుంది. పిట్టలను మోసగించడానికి అంతకన్న మంచి వేషమేమున్నది? పెద్దదయ్యాక ఆ వేషం చాలదు. ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. వేలితో ముట్టుకుంటే తల వెనుకనుంచి ఎర్రగా, రెండు పాయలుగా చీలిన కొమ్ము ఒకటి చటుక్కున బయటికి చాపి, ఘాటైన వాసన వదులుతుంది. మా అమ్మ మొదటిసారి దీన్ని చూసి, "ఒరే, యిది పాములా నాలిక చాపుతోందిరా!" అని రెండడుగులు వెనక్కి వేసింది. అది కుట్టదు, కరవదు, దురద పెట్టదు. ఆ వాసన ఒక్కటే దాని ఆయుధం.

మా యింట్లో కరివేపాకు మీద సర్వాధికారాలూ అమ్మవి. మా పెద్దవాడు పురుగుల పక్షాన వకాల్తా పుచ్చుకున్నాడు. రెండురోజుల వాదోపవాదాల తరువాత గోడవైపు కొమ్మ పురుగులకూ, మిగతా చెట్టు వంటింటికీ అని పంపకం జరిగింది. పురుగులకు దస్తావేజులు చదవడం రాదు. వారం తిరిగేసరికి రెండవ కొమ్మ కూడా బోడి అయింది, మా చారు కొన్నాళ్ళు కరివేపాకు లేకుండానే పొంగింది. కాని నిలదొక్కుకున్న కరివేపాకు చెట్టు మొండిది. మోళ్ళ నుంచి మళ్ళీ లేతచిగుళ్ళు వేసి కూచుంది. జానెడు మొక్క అయితే ఆ మాట అనను. నాలుగు పురుగులు చాలు దాన్ని చంపడానికి. అలాంటప్పుడు పురుగు వున్న ఆకును తుంచి, దగ్గరలో వున్న నిమ్మచెట్టు మీద పెడితే ఎవరికీ నష్టం వుండదు.

తిండి ముగించిన పురుగు ఒక పుల్లను చూసుకుని, తోక దగ్గర పట్టుదారంతో అతుక్కుని, నడుముచుట్టూ మరో దారం పోసుకుని వెనక్కి వాలుతుంది. తాడిచెట్టెక్కిన గీతగాడు మోకు మీద వాలి నిలబడినట్టే. ఆపైన చర్మం విడిచి ప్యూపా అవుతుంది. పచ్చటి కొమ్మ మీద అయితే ఆకుపచ్చగా, ఎండుపుల్ల మీద అయితే గోధుమరంగుగా మారడం తరచు చూస్తాం. లోపల జరిగేది పురుగుకు రెక్కలు అతికించడం కాదు. పాత దేహం చాలామటుకు కరిగిపోతుంది. పురుగుగా వున్నప్పుడే లోపల దాగివున్న చిన్న చిన్న మొగ్గల్లాంటి కణాల గుంపుల నుంచి కొత్త రెక్కలూ, కొత్త కాళ్ళూ, కొత్త కళ్ళూ తయారవుతాయి.

గోడవైపు కొమ్మ మీద నిలిచిన ప్యూపా ఒకటి ఒకనాటి వుదయం పగిలింది. బయటికి వచ్చినదాన్ని చూసి పిల్లలు నిరాశపడ్డారు. రెక్కలు పిండి పారేసిన గుడ్డలా ముడుచుకుని వున్నాయి. అది పుల్లను పట్టుకు వేలాడుతూ, వొంట్లోని ద్రవాన్ని రెక్కల నరాల్లోకి ఎక్కించడం మొదలుపెట్టింది. చూస్తుండగానే ముడతలు విచ్చుకున్నాయి. తరువాత చాలాసేపు కదలకుండా వుండిపోయింది. "చీర ఆరేసుకుంటోంది, కదిలించకండి," అన్నది అమ్మ. ఆనాటి నుంచి చీపురు పెరటి ఆ మూలకు పోవడం లేదు.

ఆ చీర నేత కూడా చెప్పుకోదగ్గదే. రెక్క ముట్టుకుంటే వేళ్ళకు అంటే పొడి నిజానికి పొడి కాదు. యింటికప్పు మీద పెంకుల్లా ఒకదానిమీదొకటి పరిచిన సన్నని పొలుసులు. ఒక్కొక్క పొలుసుది ఒక్కొక్క రంగు. కొన్ని జాతుల్లో మెరిసే నీలానికి అసలు రంగే లేదు; పొలుసు మీది అతి సన్నని కట్టడం వెలుతురును విరిచి నీలాన్ని మాత్రమే మన కంటికి పంపుతుంది. ప్రపంచంలో సుమారు 18,000 జాతులు, మన దేశంలో 1,300కు పైగా వున్నాయంటారు. 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం హిమాలయాల్లోని గోల్డెన్ బర్డ్‌వింగ్ ఆడది రెక్క కొసనుంచి కొసకు 194 మిల్లీమీటర్లు. మన గడ్డిలో తిరిగే గ్రాస్ జ్యుయెల్‌ను కోటు గుండీ మీద కూచోబెట్టవచ్చు.

వేషాల మాట వచ్చింది గనుక కామన్ మార్మన్ సంగతి పూర్తిగా చెప్పాలి. మగవన్నీ ఒకేలా వుంటాయి: నలుపు, వెనుకరెక్కల మీద తెల్లచుక్కల వరుస. ఆడవి మాత్రం మూడు రకాలు. ఒక రకం మగదానిలాగే వుంటుంది. రెండవది 'కామన్ రోజ్' అనే వేరే జాతిలా, మూడవది 'క్రిమ్సన్ రోజ్' అనే యింకో జాతిలా ముస్తాబవుతాయి. ఒకే మగనికి మూడు తీరుల భార్యలని, అమెరికాలో ఒకప్పుడు బహుభార్యాత్వం పాటించిన మతశాఖ పేరు దీనికి తగిలించారట. ఆ తెల్లదొరలు దశరథుడి కథ విన్నట్టు లేదు.

ఈ వేషానికి కారణం వున్నది. రోజ్ జాతుల పురుగులు ఈశ్వరి తీగా, గాడిదగడపాకూ తింటాయి. ఆ ఆకుల్లోని విషం రెక్కలు వచ్చాక కూడా వొంట్లో నిలిచివుంటుంది. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట మళ్ళీ ఆ ఎర్రమచ్చల జోలికి పోదు. కరివేపాకు తిని పెరిగిన మార్మన్‌లో విషమేమీ లేదు. విషమున్నవారి దుస్తులు తొడుక్కుని బతికిపోతుంది. హెన్రీ బేట్స్ 1862లో ఇలాంటి అనుకరణకు అర్థం చెప్పాడు. ఈ మార్మన్ ఆడవాటి సంగతే 1865లో వాలెస్ వివరించాడు. ఆ మూడు వేషాలనూ ఆడమగ తేడాలు తీర్చే ఒకే ఒక జన్యువు నడుపుతున్నదని కృష్ణమేఘ కుంతే, ఆయన సహచరులు 2014లో చూపారు. అందరు ఆడవాళ్ళూ వేషం ఎందుకు వెయ్యరని మీరడగవచ్చు. నకిలీలు మరీ ఎక్కువైతే పిట్టలకు గుట్టు తెలిసిపోదూ? మీకు గుర్తు చెబుతాను. అసలు రోజ్‌కు వొళ్ళు కూడా ఎర్రగా వుంటుంది. మార్మన్ రెక్కలే ఎరుపు, వొళ్ళు నలుపే. చీరకు తగిన రవికె దొరకలేదన్నమాట.

1758లో లిన్నేయస్ వీటికి శాస్త్రనామాలు పెడుతూ ట్రాయ్ యుద్ధవీరులను వరుసగా పిలిచాడు. క్రిమ్సన్ రోజ్ హెక్టర్ అయింది, మార్మన్ పాలిటీస్ అయింది. ఆ కథలో వారిద్దరూ ప్రియాం రాజు కొడుకులు. తమ్ముడు అన్న బట్టలు వేసుకుని తిరుగుతున్నాడనుకుంటే సరి. తరువాత వచ్చిన ఫ్రెడరిక్ మూర్‌కు మన పేర్లు కూడా కొన్ని తెలుసు. నల్లటి రెక్కల మీద లేతనీలపు గీతలున్న ఒక తెగకు ఆయన 1880లో పెట్టిన పేరు 'తిరుమల'.

ఇంతమంది వీరులకూ కావలసింది మాత్రం మనం కలుపు అని పీకేసే మొక్కలు. జిల్లేడు మీద ప్లెయిన్ టైగర్ పెరుగుతుంది. తంగేడు, రేల జాతుల మీద పసుపు, తెలుపు రెక్కల ఎమిగ్రెంట్లు. ఆముదపు ఆకు మీద కామన్ కాస్టర్. ఒక పురుగుకు పుట్టినింటి ఆకు తప్ప మరోటి ఎక్కదు. పక్కన ఎంత పచ్చగా వున్నా ఆకలితో చస్తుంది గాని నోట పెట్టదు. పెరడంతా గచ్చు చేయించి, తొట్లల్లో క్రోటన్లు పెట్టి, యిదివరకటిలా సీతాకోకచిలుకలు రావడం లేదని మిత్రులు నాతో వాపోతూ వుంటారు. పూలమొక్క వాటికి హోటలు వంటిది; తేనె తాగి పోతాయి. పురుడు పోసుకోవడానికి పుట్టిల్లు కావాలి, ఆ పుట్టిల్లు ఆకుమొక్క.

గొంగళి అన్న పేరే సగం కీడు చేసిందని నాకొక అనుమానం. మునగచెట్టు మానుకు గుంపులుగా పట్టి, తాకితే వొళ్ళంతా దద్దుర్లు తెప్పించే బొచ్చుపురుగులున్నాయే, వాటికి ఆ పేరు చక్కగా అతుకుతుంది. వాటికి దివిటీ చూపినవారిని నేను తప్పుపట్టను. కాని అవి పెరిగి రాత్రిపూట తిరిగే మాత్‌లు అవుతాయి, సీతాకోకచిలుకలు కావు. కరివేపాకు మీది నున్నని పచ్చపురుగుకు వొంటిమీద గొంగళి కాదు గదా, దాని నూలుపోగు కూడా లేదు. అయినా పేరు కలిసినందుకు శిక్ష అనుభవిస్తున్నది.

మావాడికి యిప్పుడు హెక్టర్ మీద మనసయింది. ఈశ్వరి తీగ కోసం రెండు నర్సరీల్లో అడిగాము. ఒకరు మనీప్లాంటు చూపించారు, రెండవవారు అలాంటి గడ్డి తాము అమ్మమని చెప్పారు. చివరికి వూరి బయట పొలంగట్టున గాడిదగడపాకు దొరికింది. తవ్వితెచ్చి పగిలిన కుండలో నాటాము. మూడు ఆకులు వేసింది. హెక్టర్ జాడ యింకా లేదు. ఎదురింటివారి మేక మాత్రం రెండుమార్లు వచ్చి, వాసన చూసి, మొహం తిప్పుకు వెళ్ళింది.