పారిశుధ్య పనిని మళ్లీ పర్మినెంట్ ఉద్యోగం చేయాలి

విశాఖ నగర ప్రజలకు విజ్ఞప్తి

తెల్లారకముందే మీ వీధి ఊడ్చి వెళ్లే మనిషి ఎవరి ఉద్యోగి? గ్రేటర్ విశాఖ కార్పొరేషన్ (జీవీఎంసీ) ఉద్యోగి అనే మనలో చాలామంది అనుకుంటాం. పని చెప్పేది జీవీఎంసీ. హాజరు చూసేది, ఆలస్యమైతే మందలించేది జీవీఎంసీ వాళ్లే. కాగితం మీద మాత్రం ఆమె జీవీఎంసీ మనిషి కాదు, అవుట్‌సోర్సింగ్ కార్మికురాలు. అంతకుముందు కాంట్రాక్టరు కింద ఉండేది. 2020లో కాంట్రాక్టర్లను తప్పించి ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ కిందికి తెచ్చారు. దళారుల బెడద తగ్గింది, ఆ మేలును మేము కాదనం. కానీ ఆమె పర్మినెంట్ కాలేదు. అదే వీధిలో, అదే చీపురుతో, ఆమె పక్కనే ఊడ్చే పాత పర్మినెంట్ కార్మికురాలికి పే స్కేలు ఉంది, ఇంక్రిమెంట్లు ఉన్నాయి, డీఏ ఉంది. ఈమెకు అవేవీ లేవు. పాతవాళ్లు రిటైరవుతున్న కొద్దీ ఆ పర్మినెంటు పోస్టులూ వాళ్లతోనే పోతున్నాయి.

దీన్ని మేము జీతాల గొడవగా చూడటం లేదు. సమానత్వం సంగతిగా చూస్తున్నాం. ఎందుకో చెబుతాం.

1933లో హార్బరు తెరిచారు. తర్వాత షిప్‌యార్డు వచ్చింది, రిఫైనరీ వచ్చింది, ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది. 1979లో ఊరు కార్పొరేషన్ అయింది, 2005లో గ్రేటర్ అయింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బతుకుతెరువుకి వచ్చిన ఎన్నో కుటుంబాలు ఇక్కడ వృత్తి మార్చుకున్నాయి. రైతు బిడ్డ ఫిట్టరయ్యాడు, చేనేత ఇంటి పిల్లాడు గుమస్తా అయ్యాడు. కానీ ఊరి మురికి ఎత్తే పని మాత్రం తరాలు గడిచినా ప్రధానంగా రెల్లి, మాదిగ, మాల కుటుంబాల చేతుల్లోనే ఉండిపోయింది. ఆ పని ఎంత హీనంగా చూసినా, ఒకప్పుడు దానికి ఒక్క ఆసరా ఉండేది. అది మున్సిపాలిటీ ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం, రిటైరయ్యాక పెన్షన్, బ్యాంకులో అప్పు పుట్టే పరపతి. ఆ జీతంతో పిల్లల్ని చదివించి ఈ పని నుంచి బయటపడేసిన తల్లిదండ్రులు ఈ ఊళ్లో ఉన్నారు. అవుట్‌సోర్సింగ్ ఆ దారిని మూసేసింది. పని కులాన్ని అంటిపెట్టుకునే ఉంది, భద్రత మాత్రం పోయింది. ఇంతకంటే పెద్ద అన్యాయం మా కళ్లకు కనబడలేదు.

అమెరికాలో నల్లజాతి ప్రజల పోరాటం గురించి మన పిల్లలు పాఠాల్లో చదువుతారు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చాయి. అక్కడితో కథ సుఖాంతమైనట్టు చాలామందికి గుర్తు. ఆ పోరాట నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ మాత్రం తన చివరి రోజుల్లో నిలబడింది చెత్త ఎత్తే కార్మికుల పక్కన. మెంఫిస్ నగరంలో 1968 ఫిబ్రవరి 1న కుండపోత వానలో ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు చెత్త లారీ వెనుక భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం ఉన్నట్టుండి కదిలింది, ఇద్దరూ అందులో నలిగి చనిపోయారు. నగర రికార్డుల్లో వాళ్లు గంటల లెక్కన పనిచేసే కూలీలు. అందుకని ప్రమాద పరిహారం వర్తించలేదు. ఆ కుటుంబాలకు దక్కింది ఒక నెల జీతం, అంత్యక్రియల ఖర్చుకు 500 డాలర్లు. ఫిబ్రవరి 12న దాదాపు 1,300 మంది పని ఆపేశారు. "నేను మనిషిని" అని రాసిన అట్టలు మెడలో వేసుకుని వీధుల్లో నడిచారు. మీ యూనియన్‌ను గుర్తించను అని మేయర్ భీష్మించుకున్నాడు. హోటల్లో తెల్లవాళ్ల పక్కన కూర్చునే హక్కు వచ్చింది సరే, తినడానికి చేతిలో డబ్బు లేకపోతే ఆ హక్కుతో ఏం లాభం అని కింగ్ అక్కడి సభలో అడిగారు. ఏప్రిల్ 4న ఆ ఊళ్లోనే ఆయన్ని కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగరం యూనియన్‌ను గుర్తించి, జీతం పెంచడానికి ఒప్పుకుంది.

మనకు 1950 నుంచే రాజ్యాంగంలో పదిహేడో అధికరణం ఉంది, అంటరానితనం రద్దయింది. చట్టం వచ్చాక కూడా చీపురు ఎవరి చేతిలో ఉంది, జీతాల రిజిస్టరులో ఎవరి పేరు లేదు అని చూడకపోతే సమానత్వం పుస్తకంలోనే ఆగిపోతుంది. మెంఫిస్ కార్మికులు అడిగింది అదే. 2023 డిసెంబరు 26 నుంచి రాష్ట్రమంతా సమ్మె చేసిన మన మున్సిపల్ కార్మికులు అడిగిందీ అదే: సమాన పనికి సమాన వేతనం, ఉద్యోగ భద్రత. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసులో చెప్పింది. మధ్యలో ఒక ఏజెన్సీ పేరు పెట్టుకుని ఆ న్యాయాన్ని తప్పించుకోవడం ప్రభుత్వానికి తగదు.

మన రాష్ట్రంలో 2025లో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. మొదటి గ్రూపులో రెల్లితో కలిపి పన్నెండు కులాలకు ఒక శాతం రిజర్వేషన్ కేటాయించారు. ఆ ఒక శాతం కోసం ఎదురుచూసిన కుటుంబాలకు అది చిన్న విషయం కాదు. కానీ దేనిలో ఒక శాతం? రిజర్వేషన్ నిలబడాలంటే ముందు ప్రభుత్వ ఉద్యోగం ఉండాలి. పోస్టులన్నీ అవుట్‌సోర్సింగ్‌కి వెళ్లిపోతే ఆ శాతానికి విలువేముంటుంది? ఉక్కు ఫ్యాక్టరీ ప్రైవేటుపరం కాకూడదని 2021 నుంచి కొట్లాడుతున్న కార్మిక సోదరులు కూడా ఇదే మాట అంటున్నారు. ఆ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చారు. హక్కు అని అరిచి సాధించుకున్న ఊరిది. పోర్టు, స్టీలు, షిప్‌యార్డు యూనియన్ల పెద్దలను మేము చేతులెత్తి కోరుతున్నాం. మీ టౌన్‌షిప్పుల్లో, మీ గేట్ల లోపల ఊడ్చే కాంట్రాక్టు కార్మికుల డిమాండును మీ మొదటి డిమాండ్లలో చేర్చండి.

పర్మినెంట్ చేస్తే పని చేయరు అని కొందరంటారు. పోర్టులో, ఫ్యాక్టరీలో పర్మినెంట్ అయినవాళ్లు పని మానేశారా? టీచర్ల గురించి, గుమస్తాల గురించి అనని మాట చీపురు పట్టిన వాళ్ల గురించే ఎందుకు పుడుతుంది? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని చిందరవందర చేశాక చెట్లూ చెత్తా ఎత్తింది వీళ్లే. 2017 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలో మూడో స్థానం తెచ్చిపెట్టిందీ వీళ్లే.

అపార్ట్‌మెంట్ల వాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి. మధురవాడలోనైనా గాజువాకలోనైనా సెప్టిక్ ట్యాంకు నిండితే మనిషిని దించకండి. అందులో పోగయ్యే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, ఎక్కువైతే ముక్కుకి ఆ వాసన తెలియకుండా పోతుంది. లోపలికి దిగినవాడు కూలిపోతాడు, కాపాడదామని దిగిన రెండోవాడూ కూలిపోతాడు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ లేకుండా మనిషిని దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కోలార్ బంగారు గనుల్లో తెలుగు పారిశుధ్య కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి కోర్టులో పోరాడితే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు మురుగు మరణాలకు పది లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం కుటుంబం హక్కు, కానీ మాకు కావలసింది ఆ మరణం జరగకుండా చూడటం. యంత్రాలు కొనాలి, వాటిని నడిపే ఉద్యోగాలు ఇన్నాళ్లూ చేతులతో ఎత్తినవాళ్లకే శిక్షణ ఇచ్చి పర్మినెంటుగా ఇవ్వాలి. ఎర్రిగెడ్డలో పూడిక తీసే మనిషికి బూట్లు, గ్లౌజులు ఏటా ఒకసారి ఫొటో కోసం కాకుండా, చిరిగినప్పుడల్లా ఇవ్వాలి.

డబ్బెక్కడిదని అడుగుతారు. ఇంటిపన్ను కట్టేది మనం. ఆ పన్నులో మొదటి ఖర్చు బీచ్ రోడ్డు దీపాలదా, మన మురుగు ఎత్తే మనిషిదా అని తేల్చాల్సింది కూడా మనమే. మా మాట మేము చెప్పాం, మనిషిదే.

మీ వార్డు కార్పొరేటరునూ, ఓట్లకు వచ్చే ప్రతి అభ్యర్థినీ ఒకే ప్రశ్న అడగండి: పారిశుధ్య కార్మికుల్ని పర్మినెంట్ చేయాలని కౌన్సిల్‌లో తీర్మానం పెడతారా, లేదా? జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మీ కాలనీ సంఘం తరఫున అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మీ అపార్ట్‌మెంటు తదుపరి మీటింగులో, ట్యాంకులోకి మనిషిని దించబోమని మినిట్స్ పుస్తకంలో రాయించండి. మీ వీధి ఊడ్చే ఆమె పేరు కనుక్కోండి, యూనియన్ ధర్నాకి పిలిస్తే ఆమెతో పాటు వెళ్లండి.