ముహూర్తంతో పాటు వెలుతురూ చూడాలి

వైశాఖం వచ్చిందంటే మన పల్లెల్లో పెళ్ళి పందిళ్ళు లేస్తాయి. ముహూర్తం సంగతి పురోహితుడు చూస్తాడు. విందు సంగతి వంటవాళ్ళు చూస్తారు. ఫోటోలకు కావలసిన వెలుతురు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. తీరా ఆల్బం చేతికి వచ్చాక ముఖాలు సరిగా రాలేదని ఫోటోగ్రాఫరు మీద విరుచుకుపడతారు. తప్పంతా అతనిదేనా?

మన గోదావరి జిల్లాల్లో మే నెల మొదటి పక్షంలో మధ్యాహ్నం 12 గంటల వేళకు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ ఎండలో ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా కళ్ళ కింద, ముక్కు కింద నల్లటి నీడ పడుతుంది. అందరూ కళ్ళు చికిలిస్తారు. ఉపవాసంతో ఉన్న వధూవరులనూ, ముసలివాళ్ళనూ ఆ ఎండలో వరుసగా నిలబెడితే ఫోటో మాట అలా ఉంచి వడదెబ్బ తగలవచ్చు.

షామియానా వేస్తే సరిపోతుందని కొందరి భ్రమ. ఎర్రగుడ్డ గుండా దిగిన వెలుతురు ముఖాలకు ఆ ఎరుపే పులుముతుంది. పెళ్ళికొడుకు తెల్లపంచె కూడా ఎర్రబారుతుంది. కంప్యూటరులో కొంత సరిచేయవచ్చు గాని, ఒక చెంప మీద ఎరుపు, మరో చెంప మీద ఎండ పడితే సరిచేయడం కష్టం. తాటాకు పందిరి సందుల్లోంచి పడే ఎండ చుక్కలతోనూ ఇదే తంటా.

శ్రావణంలో మబ్బు పట్టిందని దిగులు పడనక్కరలేదు. పలుచటి మబ్బు కింద వెలుతురు అన్ని వైపులా సమంగా పరుచుకుంటుంది. ముఖాలు చక్కగా వస్తాయి. భయపడవలసింది గాలివానకే. అటువంటప్పుడు డ్రోను ఎగరేయమని పట్టుబట్టకూడదు. అది జనం నెత్తిన పడితే ఎవరు బాధ్యులు?

ముహూర్తం మార్చమని ఎవరూ అనరు. మండపం మీద తెల్లగుడ్డ వేయించండి. కుటుంబం ఫోటోలు ఉదయం 8 గంటల లోపు గాని, సాయంత్రం 5 దాటాక గాని పెట్టుకోండి. రాత్రి ముహూర్తమైతే పొద్దుగుంకక ముందే ఆ పని కానివ్వండి. వీటికి అయ్యే అదనపు ఖర్చు ఏపాటిది?

అన్నిటికన్నా ముందు ఇంటి పెద్దలను కూర్చోబెట్టి తీయించండి. తాతగారూ, అమ్మమ్మా లేనినాడు గోడ మీద మిగిలేది ఆ ఫోటోయే. అందులోనైనా వాళ్ళ ముఖాలు మనవలకు స్పష్టంగా కనబడాలి గదా!