ఆడుశిశువునకు మగపేరు

ఆడుశిశువునకు మగపేరు పెట్టవచ్చునా, కూడదా యను ప్రశ్న చూపునకు చిన్నది. బారసాలనాడు బియ్యములో నొక పేరు వ్రాసి, శిశువు చెవిలో ముమ్మారు చెప్పి, వచ్చిన బంధువులకు భోజనము పెట్టినతోడనే యది ముగిసిపోయిన విషయమని పలువురు తలంతురు. కాని యా పేరు బడిపట్టికకును, శుభలేఖకును, భూమి పట్టాకును గూడ వెంటవచ్చునది. కూతునకు కిరణ్ అనియో, తేజ అనియో, రుద్ర అనియో పేరిడదలచిన తలిదండ్రులను పెద్దలు వారించుటయు, వారు విననొల్లకుండుటయు నేడు మన యిండ్లలో జరుగుచునే యున్నవి. ఇందు న్యాయమెవరి పక్షమున నున్నదో కొంచెము విచారింతము.

వారించువారు మొదట శాస్త్రమును జూపుదురు. స్త్రీల పేరు సుఖముగ నుచ్చరింపదగినదై, క్రూరార్థము లేనిదై, మంగళకరమై, దీర్ఘాంతమై యుండవలెనని మనువు విధించెను. పురుషుని పేరున సరిసంఖ్యగల యక్షరములును, స్త్రీ పేరున బేసిసంఖ్యగల యక్షరములును ఉండవలెననియు, స్త్రీనామము ఆకారాంతము కావలెననియు పారస్కర గృహ్యసూత్రము చెప్పుచున్నది. ఈ లెక్క ప్రకారము సీత యను పేరే నిలువదు, అందున్నవి రెండక్షరములు. రుక్మిణికి మూడక్షరములున్నను ఆకారాంతము లేదు. జనకమహారాజునకు లేని పట్టింపు మనకు కావలెనా?

ఇక వ్యాకరణమందురా? సంస్కృతమున భార్య యను నర్థముగల దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకము. శబ్దము యొక్క లింగము వేరు, మనుష్యుని జన్మము వేరు. మన తెలుగువారు దీనినెప్పుడో గ్రహించిరి. సుబ్రహ్మణ్యుని పేర సుబ్బమ్మయు, నరసింహుని పేర నరసమ్మయు, వేంకటేశ్వరుని పేర వెంకటమ్మయు, నారాయణుని పేర నారాయణమ్మయు మన యిండ్లలో తరతరములుగ పెరిగిరి. గంగయ్యలకును, లక్ష్మయ్యలకును దేవతల పేర్లు పెట్టుటవలన వారి పౌరుషమునకు లోపము వచ్చినదని యెవ్వరును అనలేదు. సిక్కులలో ఒకే పేరు స్త్రీపురుషుల కిరువురకు నుండును. వెనుక వచ్చు కౌర్, సింగ్ అను మాటలే భేదమును దెలుపును.

రెండవ యాక్షేపణ కచేరీలకు సంబంధించినది. పేరు చూచి ఆడయో మగయో తెలియకున్న చిక్కు కలుగదా యందురు. ఈ చిక్కును గూర్చి యితర దేశములు న్యాయస్థానముల వరకు పోయినవి. జర్మనీలో భారతీయ సంతతికి చెందిన తలిదండ్రులు తమ కూతునకు కిరణ్ అని పేరు పెట్టగా, అది స్త్రీనామమని స్పష్టముగ తెలియదని నమోదు అధికారులు త్రోసిపుచ్చిరి. 2008 డిసెంబరులో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము, పేరునుబట్టి లింగము తెలిసితీరవలెనను నిబంధన చట్టమున లేదనియు, శిశువు క్షేమమునకు భంగము కలుగుననిన మాత్రమే తలిదండ్రుల కోరికను నిరాకరింపవచ్చుననియు తీర్పు చెప్పెను. ఐస్‌లాండులో బ్లేర్, అనగా మందమారుతము, అను పేరును ఒక బాలికకు పెట్టగా, ఆ శబ్దము పుంలింగమని నామసంఘము కాదన్నది. ఆ బాలిక సర్కారు కాగితములలో పదునైదేండ్లు కేవలము 'బాలిక' యనియే వ్రాయబడెను. 2013లో న్యాయస్థానము ఆమెకు ఆమె పేరును దక్కించెను. 2019లో ఆ దేశము పేర్లకు లింగనియమమునే తొలగించెను. మన జనన నమోదులో పేరునకొక గడియు, ఆడ మగ యనుటకు వేరొక గడియు నున్నవి. కావున ఈ చిక్కు మనకు పెద్దది కాదు.

శాస్త్రమును, వ్యాకరణమును, కచేరీయు అడ్డము గానప్పుడు మిగిలినది ఒక్కటే ప్రశ్న: తండ్రి యే యుద్దేశముతో నా పేరు పెట్టుచున్నాడు?

కాకతీయ గణపతిదేవునకు కుమారులు లేరు. ఆయన తన కూతును రాజ్యపాలనమున తనకు తోడుగ నిలిపి, పిమ్మట సింహాసనమునే యిచ్చెను. శాసనములలో ఆమె రుద్రదేవమహారాజు. ఈ మగపేరు లోకమును మోసగించుటకు పెట్టిన మారువేషమని కొందరందురు. లోకము మోసపోలేదు. మోటుపల్లి దేశమును రాణి యొకతె న్యాయముగ నేలుచుండెనని మార్కోపోలో వ్రాసెను. పరదేశికి తెలిసినది స్వదేశీయులకు తెలియకుండునా? ఆ పేరు అధికారమునకు గుర్తు. ఆ గుర్తు వెనుక కోటయు, ధనాగారమును, సైన్యమును నుండెను. ఆ పేరున్నను కాయస్థ అంబదేవుడు తిరుగబడక మానలేదు. పేరొక్కటియే రక్ష కాదని యిందువలన తెలియుచున్నది. 1261 నాటి మల్కాపుర శాసనమున ఆమె కాలపు దానములలో ప్రసూతిశాలయు, ఆరోగ్యశాలయు పేర్కొనబడినవి. మహారాజ బిరుదము వహించినంతమాత్రమున ఆమె స్త్రీల యవసరమును మరువలేదు. ఆమె మరణమును దెలుపు 1289 నాటి చందుపట్ల శాసనము ఆమెను రుద్రమదేవి యనియే పేర్కొన్నది. రెండు పేర్లును ఆమెవే. రెంటికిని ఆమె తగినదే.

దీనికి ప్రక్కన ఇంగ్లాండునందలి ముచ్చట యొకటి చూడుడు. 1849లో షార్లట్ బ్రాంటీ 'షర్లీ' యను నవలను ప్రకటించెను. తలిదండ్రులు కుమారుని గోరియుండగా కూతురు పుట్టినందున, కుమారునికై యుంచుకొన్న పేరును కథానాయికకు పెట్టిరి. అంతవరకు మగవారిదిగ నున్న షర్లీ యను పేరు క్రమముగ ఆడువారిదయ్యెను. ఆడువారిది కాగానే మగవారు దానిని విడిచిరి. అసలు గుట్టంతయు నిందే యున్నది. ఆడుపిల్లకు మగపేరు పెట్టుట ఆమెను మెట్టెక్కించుట. మగపిల్లవానికి ఆడుపేరు పెట్టుట వానిని దింపుట. 'మా అమ్మాయి మగపిల్లవానితో సమానము' అని తండ్రి నలుగురిలో గర్వించును. 'మా అబ్బాయి ఆడుపిల్లతో సమానము' అని గర్వించిన తండ్రిని మనమెరుగుదుమా? మగపేరు ఆడుపిల్లకు బహుమానమని తలచినంతకాలము ఆడుజన్మమును కొరతగ నెంచుచున్నట్లే.

కొడుకులేనివానికి పున్నామనరకము తప్పదని మనవారి భయము. ఆ భయముచే కూతునకు పుంనామము పెట్టినయెడల తండ్రికి నరకము తప్పునో లేదో గాని, కూతునకు మాత్రము కొంత ప్రాప్తించును. తాను రాకమునుపే తన చోటు వేరొకనికై యుంచబడెనని ఆమె పిలిచినప్పుడెల్ల జ్ఞప్తికి వచ్చును. మహారాష్ట్రమున సాతారా జిల్లాయందు 'నకుసా', అనగా 'అక్కరలేనిది', అను పేరుతో పెరిగిన 285 మంది బాలికలకు 2011 అక్టోబరులో సభచేసి క్రొత్తపేర్లు పెట్టించిరి. రాని కొడుకు పేరును వచ్చిన కూతునకు తగిలించుట అంత క్రూరము గాకపోవచ్చును. అందలి నిరాశ మాత్రము ఆ జాతిదే.

కావున మగపేరు పెట్టదలచిన గృహస్థులను మేము వారింపము. గణపతిదేవుడు చేసినపని పూర్తిగ చేయుడని కోరుదుము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ఉమ్మడి యాస్తియందు పుట్టుకతోడి హక్కును కుమారులకే విడిచిపెట్టినది. ఆంధ్రప్రదేశ్ సవరణము 1985 సెప్టెంబరు నుండి కూతునకును ఆ హక్కునిచ్చినది. అప్పటికే వివాహితలైనవారికి మాత్రము ఇయ్యలేదు. 2005లో కేంద్రచట్టము ఆ హక్కును దేశమంతటికి విస్తరించెను. ఆ సవరణనాటికి తండ్రి జీవించియుండవలెనను నియమము లేదనియు, కూతుహక్కు పుట్టుకతోనే వచ్చునదనియు 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఇంత జరిగినను, పసుపుకుంకుమల పేర ఎకరమో అరయెకరమో యిచ్చి, తక్కిన భూమిపై హక్కు విడుదల పత్రమున కూతుచేత సంతకము చేయించుట మన పల్లెలలో మర్యాదగానే చెల్లుచున్నది. ఆ పత్రముపై సంతకము సుబ్బమ్మయని చేసిననేమి, రుద్రయని చేసిననేమి?

బారసాలనాడు మీ కూతునకు మీకు నచ్చిన పేరు పెట్టుడు. పెట్టుటకుముందు, ఆమె వెనుక కొడుకు పుట్టినను ఈ పేరునే ఈమె కుంచుదుమా యని మిమ్ము మీరు ప్రశ్నించుకొనుడు. ఉంచుదుమని మనసు చెప్పినయెడల అది ఆమె పేరే. పిదప చదువునందును, వాటాయందును, ఇంటి మాటయందును ఆ పేరునకు తగిన చోటు చూపుడు. అట్లు చేయ నిచ్చగింపనివారు మగపేరుతో ఆమెను ఊరడింప బూనుకొనకుండుటయే మేలు.